ఎల్లరాయి, పొరుగుగోడ : ఇల్లు పెంచుకొనువారికొక పాఠము

ఎల్ల యనునది అచ్చతెనుగు మాట. ఊరి చివర నుండునది పొలిమేర. చేనికిని చేనికిని నడుమ నుండునది గట్టు. ఇంటి చుట్టును కట్టునది ప్రహరి. సీమ సంస్కృతము నుండి వచ్చినది. హద్దు, సరిహద్దు అను మాటలు అరబ్బీ పారసీక భాషల నుండి నవాబుల నాటి కచ్చేరీల మీదుగా తెనుగున జేరినవి. ఒక్క గీతకు ఇన్ని పేర్లున్నవనగా ఆ గీతను గూర్చి మన పూర్వులు ఎంతగా తగవులాడుకొనిరో ఊహింపవచ్చును. నేటాలు సీమలోని తెలుగు ఇండ్లలో నేడు ఈ పేర్లన్నియు మరుగున పడి ‘ఫెన్సు’, ‘బౌండరీ’ యను రెండే మిగిలినవి. మాటలు పోయినవి గాని తగవులు పోలేదు. వెనుక పెరటిలో వంటిల్లు పెంచుటతో మొదలై, మేడమెట్లతోను కారు షెడ్డుతోను పెరిగి, ఇరుగుపొరుగు కుటుంబములు ఏండ్ల తరబడి పలుకకుండుటతో ముగియు వివాదములు చాట్స్‌వర్తులోను ఫీనిక్సులోను కొత్త కాదు. ఈ పాఠము వాటిని గూర్చినది.

ఒప్పంద కూలీలుగా వచ్చినవారికి ఇట్టి తగవు పడు యోగ్యత గూడ లేకుండెను. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ మదరాసు నుండి డర్బన్ రేవు జేరినది మొదలు 1911లో ఆ పద్ధతి ఆగువరకు, వచ్చినవారిలో అధికులు దొర కట్టించిన వరుసగదులలో నివసించిరి. ఆ గదుల నడుమ గోడ దొరది, నేల దొరది, కప్పు దొరది. డర్బన్ నగరమున మునిసిపాలిటీ పనివారి కొరకు కట్టిన మ్యాగజీన్ బ్యారక్సులోను అంతే. అచ్చట తెలుగువారు, తమిళులు తరతరములుగా ఒకే వరుసలో కాపురముండిరి. ఎవరి వాకిలి ఎంతవరకను ప్రశ్న వచ్చినచో అది చీపురుతో తేలునదే గాని కోర్టుతో తేలునది కాదు. ఎవరెంతవరకు ఊడ్చిరో అంతవరకు వారి వాకిలి.

1950 నాటి గ్రూపు ఏరియాల చట్టము ఆ వరుసలను చెదరగొట్టినది. కేటో మేనరు నుండి, మ్యాగజీన్ బ్యారక్సు నుండి, మరి కొన్ని తావుల నుండి కుటుంబములు 1960ల నుండి చాట్స్‌వర్తునకు తరలింపబడినవి. 1970లలో ఫీనిక్సు వెలసినది. అచ్చట నగరపాలకులు కట్టిన ఇండ్లలో అనేకము జంట ఇండ్లు, అనగా ఒకే కప్పు క్రింద నడుమ ఒక్క గోడతో రెండు కుటుంబములు. గదులు చిన్నవి. తల్లి, తండ్రి, పెండ్లియైన కొడుకు, పెండ్లికాని కూతురు, అవ్వ యందరును ఒకే పొయ్యి మీద తినెడి కుటుంబమును తలచి ఆ ఇండ్లకు ప్లాను గీయలేదు. గీయునప్పుడు అందుండబోవు వారిని అడుగనూ లేదు. కావున ఇల్లు చేతికి వచ్చిన పిమ్మట గృహస్థుడు వెనుకకు వంటిల్లు, ప్రక్కకు గది, ముందునకు వరండా పెంచుట దురాశ యనరాదు. చోటులేని యింట కోడలికి చోటు కల్పించుటయే అది. తొలిసారిగా తన పేర వచ్చిన నేల గనుక మక్కువ అధికము. తగవున వేడి పుట్టునదియు ఆ మక్కువ వలననే.

తగవు ఎట్లు పుట్టునో తెలియుటకు ఒక ఉదాహరణము చూతము. ఇది యెవరి కథయు గాదు, పాఠమునకై కల్పించినది. జంట ఇంటిలో తూర్పు భాగమున ఒక తెలుగు కుటుంబము, పడమటి భాగమున ఒక తమిళ కుటుంబము కలవు. 1985 ప్రాంతమున తూర్పింటి పెద్ద కొడుకు పెండ్లికి ముందు వెనుక వంటిల్లు కట్టదలచి పడమటి పెద్దతో చెప్పెను. “అన్నా, కట్టుకోండి. మనమిద్దరము బ్రతికియుండగా కొలతలెందుకు?” అని ఆయన యనెను. (అన్న యను పిలుపు రెండు భాషలకును ఒక్కటే గనుక ఈ దేశమున ఆ రెండు జాతుల నడుమ అది మంచి వంతెనగా నిలిచినది.) తాపీమేస్త్రి నడిమి గోడకు సూటిగా తాడు పట్టి కొత్త గోడ లేపెను.

తప్పు అచ్చటనే జరిగినది. నడిమి గోడ మందము తొమ్మిది అంగుళములు, అనగా 23 సెంటీమీటర్లు. ఎల్ల ఆ గోడ నడుమగా పోవును. మేస్త్రి తాడును గోడ యొక్క అవతలి అంచునకు సరిగా పట్టెను గనుక కొత్త గోడ సగము మందము, దాదాపు పదకొండున్నర సెంటీమీటర్లు, మొదటి ఇటుక నుండియే పొరుగు నేలమీద ఉన్నది. గోడ క్రింది పునాది గోడకంటె వెడల్పు. అది ఇంకను లోనికి పోయినది. పైని కప్పు చూరు మరియొక మూర ముందుకు వచ్చి, దానికి తగిలించిన నీటి దోనె పొరుగు పెరటి మీద వ్రేలాడుచున్నది. తాడు రవ్వంత వంకర పోయినను పది మీటర్ల దూరమున అది జానెడగును. కంటికి తిన్ననిదే, కొలతకు కాదు. అప్పటికి ఎవరికిని పట్టలేదు. ఉగాది పచ్చడి ఇటు నుండి అటు, పొంగలి అటు నుండి ఇటు గోడ మీదుగానే సాగెను.

ముప్పదియైదేండ్లు గడచినవి. పెద్దలిద్దరును గతించిరి. పడమటి మనుమడు తన పెరటిలో రెండు గదులు వేయదలచి సర్వేయరును పిలిచెను. సర్వేయరు గీత గీసి చూపగనే “మీ తాత మా నేల తినెను” అని ఒకరు, “మీ తాతయే ఇచ్చెను” అని మరియొకరు. ఇచ్చెననుటకు కాగితము లేదు. లేదనుటకు సాక్షి లేడు. చనిపోయినవారిలో ఒకరిని దొంగ అనిపించకుండ, మరియొకరిని వెర్రివాడు అనిపించకుండ ఈ వాదము నడువదు. పండుగ పళ్ళెము ఆగిపోవును. జానెడు నేల కంటె ఇది పెద్ద నష్టము. దానికి ఏ కోర్టును వెల కట్టలేదు.

ఇట్టి చిక్కు, అనగా తెలిసినవారు గతించుట వలన గీత చెరిగిపోవుట, మన ప్రాచీన ధర్మశాస్త్రకర్తలకు బాగుగా తెలియును. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమునను, యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమునను సీమావివాదమను ప్రకరణము కలదు. ఎల్లల మీద మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగు, తాడి మొదలగు చిరకాలముండు చెట్లను నాటవలెనని మనువు చెప్పెను. చెట్టు కొట్టివేయవచ్చును గనుక కంటికి కనబడని గురుతులు గూడ పాతవలెనట: రాళ్ళు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఎండిన పేడ, ఇటుకలు, బొగ్గులు, ఇసుక. వీటిలో అనేకము మట్టిలో చివుకనివి. తగవు తీర్చుటకు జ్యేష్ఠమాసము తగినదనుటయు అనుభవము గలవాని మాటయే. ఎండకు గడ్డి మాడి గురుతులు బయటపడు కాలమది. సాక్షులు దొరకనిచో వేటగాండ్రను, పసులకాపరులను, చేపలు పట్టువారిని, పాములవాండ్రను, దుంపలు త్రవ్వువారిని అడుగుమనెను. వారు పండితులు గారు, నేలమీద నడచువారు. సాక్ష్యమిచ్చువాడు ఎఱ్ఱని బట్ట గట్టి, ఎఱ్ఱపూల దండ వేసికొని, తలపై మన్ను పెట్టుకొని ప్రమాణము చేయవలెను.

బృహస్పతి స్మృతి ఇంకొక అడుగు ముందుకు వేసినది. ఆ గురుతులను కుండలలో పెట్టి పాతిన పిమ్మట వాటిని పిల్లలకు చూపవలెనట. ఆ పిల్లలు పెద్దవారై తమ పిల్లలకు చూపవలెనట. సందేహము రాకుండ చేయు ఉపాయము అదియే యని ఆ స్మృతికర్త అభిప్రాయము. పైని చెప్పిన ఉదాహరణమున లోపించినది సరిగా ఇదియే. ఇద్దరు పెద్దలు మంచివారే. గీతను మాత్రము ఎవరికిని చూపిపోలేదు.

ఇంటి పెంపును గూర్చి కౌటిల్యుని అర్థశాస్త్రము మరింత సూటిగా మాటలాడును. మూడవ అధికరణమున గృహములకు సంబంధించిన భాగమున, ఇంటికిని ఇంటికిని నడుమ విడువవలసిన యెడమునకు పదముల లెక్క, కప్పుల నడుమ నాలుగు అంగుళముల లెక్క చెప్పబడినవి. బృహస్పతి స్మృతి కిటికీలను, నీటిదారులను మొదటి నుండి ఉన్నట్లే ఉండనీయవలెననియు, పొయ్యి, గొయ్యి, ఎంగిలి పారవేయుచోటు పొరుగింటికి మిక్కిలి చేరువగా ఉండరాదనియు చెప్పును. నేటి నగరపాలకుల నిబంధనలలో సగము వీటి మాటలే వేరు కొలతలలో వినబడుచున్నవి. వాస్తువివాదములలో సామంతుల మాట ప్రమాణమని కౌటిల్యుడు చెప్పెను. సామంతుడనగా కప్పము గట్టు చిన్న రాజని పాఠశాలలో నేర్చుకొందుము. ఆ మాటకు మొదటి అర్థము వేరు. ఎల్ల కలియువాడు, అనగా పొరుగువాడు. తగవున ఎదిరియగు పొరుగువాడే తొలి సాక్షియు నగును.

ఈ ధర్మము తెనుగున లేదనుకొనరాదు. కల్యాణి చాళుక్యుల ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దమున తిక్కన సమకాలికుడగు కేతన దానిని విజ్ఞానేశ్వరమను పేర తెనుగు పద్యములలోనికి దెచ్చెను. ధర్మశాస్త్రము సామాన్యుని భాషలో ఉండవలెనన్న తలంపు మనకు ఏడువందల యేండ్లకు పైబడినది. అట్టి తలంపుతోనే ఈ దేశపు న్యాయమును తెనుగున కొంత చెప్పుకొందము.

దక్షిణాఫ్రికాలో ఎల్ల ఏది యనునది కంచె చెప్పదు, గోడ చెప్పదు, మునిసిపాలిటీ వారి ప్లాను గూడ చెప్పదు. సర్వేయర్ జనరల్ కార్యాలయమున దాఖలైన డయగ్రము చెప్పును. నేలలో పాతిన బీకన్లు చెప్పును. క్వాజులు నేటాలు ఇండ్లకు ఆ కార్యాలయము పీటర్‌మారిట్జ్‌బర్గులో కలదు. టైటిల్ డీడులు నమోదగు డీడ్స్ కార్యాలయమును ఆ ఊరనే కలదు. పాత డయగ్రములలో కొలతలు అడుగులలో నుండవచ్చును. ఒక అడుగునకు 30.48 సెంటీమీటర్లు. బీకనును తెలిసియు పెకలించుట, జరుపుట నేరము. అది తప్పిపోయినచో తిరిగి పాతుటకు రిజిస్టరైన ల్యాండు సర్వేయరుకే అధికారము. తోట త్రవ్వునప్పుడు గునపమునకు తగిలిన ఇనుప గూటమును “ఏదో తుప్పు” అని పారవేసిన ఇండ్లు ఎన్నియో ఉండును. చేతితో టేపు పట్టి చేసిన కొలత ఇంటివారి మనస్సును కుదుటపరచవచ్చును గాని వివాదమును తీర్చదు.

రెండవది అనుమతి. 1977 నాటి 103వ చట్టము, అనగా జాతీయ గృహనిర్మాణ నిబంధనల చట్టము, నాలుగవ సెక్షను ప్రకారము స్థానిక సంస్థ వ్రాతపూర్వక అనుమతి లేక కట్టరాదు. పెంపులును కట్టడములే. 500 చదరపు మీటర్ల కంటె తక్కువ కట్టడమైనచో సరియైన దరఖాస్తు అందిన 30 దినములలో, అంతకు మించినచో 60 దినములలో వారు తేల్చవలెను. అనుమతి వచ్చినను 12 నెలలలోపల పని మొదలిడనిచో సాధారణముగా అది చెల్లదు. కట్టడము వలన పొరుగువారి ఆస్తుల విలువ తగ్గునని తేలినచో నిరాకరింపవలెనని ఏడవ సెక్షను చెప్పుచున్నది. డర్బన్ ప్రాంతమున 2000 సంవత్సరము నుండి ఈ అధికారము ఎతెక్విని మునిసిపాలిటీది.

ఇచ్చట మనవారిలో రెండు పొరపాటు తలంపులు బలముగా నాటుకొన్నవి. ఎల్లకు చేరువగా కట్టునప్పుడు పొరుగువారి సంతకము అడుగుదురు. ఆ సంతకము తెచ్చుకొన్నవాడు అనుమతియే వచ్చినదని తలచును. రాలేదు. సంతకము పెట్టినవాడు మరునాడు నేలయే పోయినదని భయపడును. పోలేదు. ‘నీవు ఎల్ల దగ్గరగా కట్టుకొనుటకు నాకు అభ్యంతరము లేదు’ అనుటకును ‘నా నేలమీద కట్టుకొనుము’ అనుటకును నడుమ ఎంతో దూరము కలదు. పొద్దుపోయిన వేళ వాకిట నిలిచి “సంతకము పెట్టు తమ్ముడూ, పోస్టు కాగితము వంటిదే” అనువాని యెదుట ఎవరును సిగ్గుపడి చేవ్రాలు చేయరాదు. ప్లానును బల్లమీద పరచి, చూరు ఎంతవరకు వచ్చును, నీరు ఎటు పారును, కిటికీ ఎవరి పడకగదిని చూచును అని అడుగుట మర్యాదకు లోపము గాదు. అడిగించుకొనుటయు అవమానము గాదు.

గోడ లేచిన పిమ్మట తగవు కోర్టు కెక్కినచో ఏమి జరుగును? తన నేలమీదికి వచ్చిన కట్టడమును తీసివేయించు హక్కు భూస్వామికి ఈ దేశపు రోమన్-డచ్ న్యాయమున ఉన్నది. అయినను న్యాయమూర్తి అన్ని వేళల గోడ పడగొట్టించడు. నష్టము పోల్చి చూచును. కేప్ హైకోర్టు ముందునకు ఒకప్పుడు ఒక వింత వ్యాజ్యము వచ్చినది. ఒకరి ఇల్లు పొరుగువారి ఖాళీ స్థలమును చాలవరకు ఆక్రమించుకొని నిలిచినది. కోర్టు ఇంటిని కూల్చుమనక పరిహారము దారి పట్టినది. మరి, అనుమతి లేని కట్టడము మీద మునిసిపాలిటీయే 21వ సెక్షను క్రింద కోర్టు కెక్కినచో కథ వేరు. తూర్పు కేపులోని కెంటన్-ఆన్-సీ యను ఊరిలో ఒక పెద్ద భవనమును గూర్చి పదేండ్లకు మించి సాగిన వివాదమున, 2013లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ కూల్చివేతనే ఖాయపరచినది. ఆ సెక్షను క్రింద దయ చూపుటకు తావులేదనెను. 2016లో అదే కోర్టు మరియొక వ్యాజ్యమున ఆ మాటను కొంత సడలించి, చట్టమునకు మించిన భాగమును మాత్రము కూల్చుమనుట గూడ సాధ్యమని చెప్పినది. ఈ తీర్పులన్నిటిలోను గెలిచినవారు గూడ లాయర్లకు చెల్లించినది, జానెడు నేల వెలకు ఎన్నో రెట్లు ఉండునని చదువరి గ్రహింపగలడు.

మూడవది ముప్పదేండ్ల మాట. “ముప్పదేండ్లు దాటినచో నేల మనదే” అని సత్రములోను పెండ్లిపందిరిలోను చెప్పుకొందురు. 1969 నాటి ప్రిస్క్రిప్షన్ చట్టమున ఆ మాట సగమే ఉన్నది. ముప్పదేండ్లు ఎడతెగక, బహిరంగముగా, తానే యజమాని యన్నట్లు అనుభవించినవానికి స్వామ్యము లభించును. పొరుగువాని సెలవు మీద అనుభవించినవాడు యజమాని యన్నట్లు అనుభవించినవాడు గాడు. పైని ఉదాహరణమున పడమటి పెద్ద “కట్టుకోండి” యని సెలవిచ్చినట్లు తూర్పువారే చాటుచున్నారు. అట్లు చాటుటచే తాత పరువు నిలుచును. ముప్పదేండ్ల వాదము కూలును. తాత ఎవరినీ అడుగలేదన్నచో వాదము నిలుచును. తాత పరువు పోవును. కోర్టులో నిలిచి ఈ రెండింటిలో ఏది కోరుకొందురో ఆ మనుమలు ముందుగా ఇంటనే తేల్చుకొనుట మేలు.

నోటిమాట ఇద్దరు మనుష్యులను కట్టును, నేలను కట్టదు. ఇల్లు అమ్ముడుపోయి కొత్తవాడు వచ్చినచో, ఆ సంగతి తెలియక కొన్నవానిని పాత మాట సాధారణముగా బంధింపదు. బంధింపవలెనన్నచో దానిని సర్విట్యూడుగా వ్రాయించి డీడ్స్ కార్యాలయమున నమోదు చేయింపవలెను. చూరునీరు పొరుగు పెరటిలో పడు హక్కు, గోడ పొరుగు నేలమీద నిలుచు హక్కు ఇట్లు నమోదు కాగలవు. లేదా ఆ సన్నని నేలచీలికను విడదీయించి కొనవచ్చును. దానికి మునిసిపాలిటీ సమ్మతి, సర్వేయరు డయగ్రము రెండును కావలెను. ఇచ్చట మన కుటుంబములకు తరచు అడ్డుపడు చిక్కొకటి కలదు. ఇల్లు ఇంకను గతించిన తాత పేరుననే ఉండును. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, ఎవరికిని సంతకము పెట్టు అధికారము లేదు. ఎస్టేటునకు ఎగ్జిక్యూటరు ఏర్పడనిదే పొరుగువానితో రాజీపత్రము గూడ చేసికొనలేరు. రాజీకి సిద్ధపడిన పొరుగువాడు ఎదురుచూచి విసిగి కోర్టునకు పోవుట ఆశ్చర్యము గాదు.

జంట ఇండ్ల నడిమి గోడ సంగతి వేరుగా చెప్పవలెను. అది ఇరువురిది. ఎవరి ప్రక్కన వారు అల్మారా తగిలింపవచ్చును, తగినంత బరువు మోపవచ్చును. రెండవవాని ఒప్పుదల లేక దానిని తొలచి బలహీనపరచుట, తొలగించుట, దానిపై మేడ లేపుట కూడదు. ఒకరి మేడ బరువునకు మరియొకరి పూజగది గోడ చీలినచో అది కేవలము కొలతల తగవు కాదు.

చాట్స్‌వర్తు నేల కొండలు గుట్టలు గలది. చదును కొరకు గట్టును నిలువుగా కోయుట అచ్చటి పెంపులలో పరిపాటి. పైయింటి నేలకు క్రిందినేల ఆనిక. ఆ ఆనికను తీసివేసి పైనేల జారినచో, తీసినవాడు జాగ్రత్తపడెనా లేదా యను విచారణ లేకయే నష్టము చెల్లింపవలసియుండును. 2022 ఏప్రిలు వానలలో డర్బన్ పరిసరములలో గట్లు విరిగి ఇండ్లు కొట్టుకొనిపోయి 400 మందికి పైగా మరణించిన సంగతి ఎవరును మరువలేదు. ఇంజనీరు గీసిన ఆనుగోడ, దాని వెనుక నీరు పోవు గొట్టము లేని కోత పొరుగువాని ప్రాణముతో చేయు జూదము. ఇచ్చట మొగమోటము పనికిరాదు. పైయింటివాడు పని మొదలుకాకముందే అడ్డుచెప్పవలెను.

తగవు ఇదివరకే పుట్టిన ఇండ్లవారు ఏమి చేయవలెను? మొదట ఇరువురును కలిసి ఒక్క సర్వేయరును నియమించి ఖర్చు చెరిసగము పంచుకొనుట మంచిది. ఒకడు తెచ్చిన సర్వేయరు మాట రెండవవాడు నమ్మడు. ఆ పిమ్మట రెండు ఖర్చులు, రెండు కాగితములు, అదే గీత. గీత తేలినంతవరకు ఒక్క ఇటుకయు పెట్టరాదు, ఒక్క ఇటుకయు తీయరాదు. చూరు, దోనె వంటివి కోయించి సరిచేయుటకు అగు వ్యయము లాయరు నోటీసు వ్యయము కంటె తక్కువయే కావచ్చును. గోడయే అవతలికి పోయినచో పరిహారము, సర్విట్యూడు, నేలచీలిక కొనుగోలు అను మూడు దారులలో ఏదో ఒకటి. ఆలయపు పెద్దలను మధ్యవర్తులుగా కూర్చుండబెట్టుట మన పాత ఆచారము, మంచి ఆచారము. వారు కోపము చల్లార్చగలరు. వారి తీర్పు డీడ్స్ కార్యాలయమునకు తెలియదు గనుక, ఆ సాయంకాలము కుదిరిన మాటను ఆ వారమే వకీలు చేత వ్రాయింపవలెను. కాఫీ త్రాగి చేతులు కలిపి వ్రాత మరచిన రాజీలు మరల మనుమల నెత్తిన పడును.

పాఠశాల పిల్లలకు అభ్యాసము. తల్లిదండ్రుల సెలవు తీసికొని మీ ఇంటి టైటిల్ డీడునందలి స్థలము సంఖ్యను వ్రాసికొనుడు. నాలుగు మూలల బీకన్లలో ఎన్ని కనబడుచున్నవో వెదకి చూడుడు, కనబడినదానిని కదలింపరాదు. ఇంటి పటమును గీసి, మొదట కట్టిన భాగమునకు ఒక రంగు, పిమ్మట పెంచిన భాగమునకు మరియొక రంగు వేసి, పెంచిన సంవత్సరమును అవ్వనో తాతనో అడిగి ప్రక్కన వ్రాయుడు. చూరు, దూలము, గడప, వసారా, పెరడు, దొడ్డి, ప్రహరి యను మాటలను ఆ పటమున తగిన చోటుల గుర్తింపుడు. పొరుగింట తమిళమో హిందీయో మాటలాడు పిల్లలున్నచో వారిని పిలిచి, వారి భాషలో ఆ భాగముల పేర్లను రెండవ వరుసలో వ్రాయించుకొనుడు. రెండు ఇండ్లను కలిపి ఒకే పటముగా గీసినవారికి కాగితము పెద్దది కావలెను. దానిని ఉపాధ్యాయులు ఇత్తురు.